మంగళవారం నాటి సంతకం

సోమవారం పొద్దున్నే బ్రైడీ ఒక నిర్ణయానికి వచ్చింది. శుక్రవారం మధ్యాహ్నం పన్నెండు లోపు అయిదుగురితో ఫ్రెంచిలో మాట్లాడాలి. ఒక్కొక్కరితో పావుగంట. మాట్లాడినవాళ్ళు కాగితం మీద సంతకం పెట్టాలి. ఇందులో కష్టమేమీ లేదని భాషా కేంద్రంలో కుర్తాద్ మేడమ్ ఏడు వారాల కిందటే చెప్పింది. ఏడు వారాలూ గడిచాయి. ఆ కాగితం మీద ఇప్పటిదాకా పడింది కాఫీ మరక ఒక్కటే.

చదువుకున్నవాళ్ళ పద్ధతి ఇది. పదిమందితో మాట్లాడమ్మా అని చెప్పడానికి కూడా ఒక కాగితం అచ్చు వేస్తారు. అందులో అయిదు గడులు, ఒక్కో గడి కింద ఒక వాక్యం: 'ఈ విద్యార్థినికి ఆశ్రయమిచ్చిన ఇంటితో నాకు ఏ బంధుత్వమూ లేదు.' ఇంటివాళ్ళూ వాళ్ళ తోబుట్టువులూ జాలిపడి సంతకాలు గుద్దేస్తారని ఆ జాగ్రత్త. అయిదు గడులూ నిండకపోతే ఈ ఏడు వారాల చదువూ లెక్కలోకి రాదు. బ్రైడీ ఆస్ట్రేలియాలో తూవూంబాకి తిరిగి వెళ్ళి, తండ్రి నడిపే పశువుల లారీలో ఇంటికి చేరి, ఏమీ సాధించలేదని చెప్పాలి. ఆ ఇంట్లో కాలేజీ మెట్లెక్కింది ఆమె ఒక్కతే.

ఆస్ట్రేలియాకి తూర్పున, ఫ్రెంచివాళ్ళ ఏలుబడిలో ఉన్న దీవుల పట్నం నూమెయాలో ఆమె ఉంటున్నది రివియేర్-సాలే పేటలో, ఇజాయి వానాపో ఇంట్లో. ఇజాయిది లిఫూ దీవి. నికెల్ కొలిమిలో, లోహం కరిగించగా మిగిలిన చిట్టెం మోసే బండి నడుపుతాడు. వయసు యాభై నాలుగు. పన్నెండో ఏట బడి మానేశాడు. మానేశాడనడం కంటే బడే అతన్ని మానేసింది అనడం సబబు. తరగతిలో సొంత భాషలో ఒక మాట అన్నందుకు పంతులు వరండాలో నిలబెట్టాడు. మర్నాడూ నిలబెట్టాడు. అలా ఏడాదంతా వరండాలోనే చదివి, ఇక లోపలికి పోయి చేసేదేముందని ఇంటికి పోయాడు. అలాంటి మనిషి ఇంటికి, ఫ్రెంచి అలవాటు చేయించమని, భాషా కేంద్రంవాళ్ళు ఒక కాలేజీ పిల్లను పంపించారు. పంపిస్తూ రాసిన ఉత్తరానికి ఇజాయి పటం కట్టించి టీవీ పైన తగిలించాడు. ఎవరొచ్చినా ముందు ఆ పటం కనిపించేటట్టు కుర్చీ తిప్పి వేసేవాడు.

నేర్పడానికి అతనికి తీరిక లేదు, అది వేరే సంగతి. చీకటితోనే కొలిమికి వెళ్ళి, మధ్యాహ్నం వచ్చి పడుకునేవాడు. ఇక మిగిలింది అతని భార్య లియోంతిన్. ఆమె అవును అనడానికి కనుబొమలు పైకెత్తుతుంది. ఆ దీవుల్లో అందరూ అంతే గానీ, ఆమె ఆ విద్యకి మెరుగులు దిద్దింది. ఒకసారి ఎత్తితే అవును. రెండుసార్లు ఎత్తితే అవును గానీ ఇప్పుడు కాదు. ఎత్తి అలాగే ఉంచితే, నువ్వు ఎవరి గురించి చెబుతున్నావో ఆ మనిషి నీ వెనకే నిలబడి ఉన్నాడు. మొదటి నెలంతా బ్రైడీ లియోంతిన్‌తో గంటల తరబడి కబుర్లాడింది. నోటుపుస్తకంలో రాసుకోవడానికి ఒక్క మాట దొరకలేదు.

బయట పరిస్థితి అంతకంటే మెరుగ్గా లేదు. బస్సుస్టాపులో ఒక పెద్దాయన్ని పట్టుకుని, పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు, "అయ్యా, నేటి వాతావరణమును గూర్చి తమ అభిప్రాయమేమి?" అని అడిగింది. ఆయన ఆకాశం వంక చూశాడు. ఈమె వంక చూశాడు. కనుబొమలెత్తాడు. బస్సు వచ్చింది.

సోమవారం మధ్యాహ్నం ఇజాయి నిద్రలేచి కాఫీలో రొట్టె ముంచుకుంటుండగా బ్రైడీ కాగితం ముందు పెట్టి సంగతి చెప్పింది. ఇజాయి రొట్టె ముక్క పక్కన పెట్టేశాడు. "నా ఇంట్లో ఉండి నువ్వు తప్పితే, పేట మొత్తం చేరి నన్ను మళ్ళీ వరండాలో నిలబెట్టినట్టే" అన్నాడు.

కాసేపు ఆలోచించి ఒక దారి చెప్పాడు. శనివారం వాళ్ళ పెద్దమ్మ ఇంటికి ఎలాగూ వెళ్తున్నారు. అక్కడ గడప ముందు నిలబడి మర్యాద చెయ్యాలి. ఒక పూల గుడ్డ, దాని మీద పొగాకు పొట్లం, తల దించుకుని నాలుగు మాటలు. ఆ మాటలు ఈసారి బ్రైడీ చెబుతుంది. పెద్దమ్మ ముందు నోరు తిరిగితే ఇంకెక్కడైనా తిరుగుతుందని అతని లెక్క. వెంటనే ఫ్రెంచిలో నేర్పడం మొదలుపెట్టాడు:

"నేను చిన్నదాన్ని. తల వంచుకుని మీ గడప ముందు నిలబడ్డాను. ఇజాయి ఇంటి తిండి తిని వచ్చాను. ఈ గుడ్డ చిన్నది, దీని వెనక ఉన్న మాట పెద్దది. మా ఇంటివల్ల తప్పు జరిగి ఉంటే మన్నించి, దారి తెరవండి."

సాయంత్రం దాకా వల్లె వేయించాడు. ఫ్రెంచి దేశంలోని లిమోజ్ నుంచి వచ్చిన మేడమ్ ఏడు వారాల్లో చెప్పించలేని మాటలు ఆ పిల్ల నోట గడగడా వస్తుంటే ఇజాయికి ఛాతీ ఉబ్బింది. ఆ ఉబ్బులో ఒక మాట ఎక్కువ జారాడు. "ఈ మాటలకి బదులు చెప్పకుండా ఉండటం మావాళ్ళ వల్ల కాదమ్మాయ్. మూగవాడైనా లేచి పావుగంట మాట్లాడతాడు."

పావుగంట అన్న మాట బ్రైడీ చెవిలో పడింది. ఆ గుడ్డ ఒకసారి కింద పెడితే అది పెట్టిన మనిషి మాట కాదు, ఆ మనిషి వచ్చిన ఇంటి మాట అని ఇజాయి చెప్పలేదు. దాచి కాదు. అలాంటిది ఒకరికి చెప్పాల్సి ఉంటుందని అతనికి తట్టలేదు. ఊపిరి ఎలా పీల్చాలో ఎవరైనా చెబుతారా?

పడుకోబోయే ముందు బ్రైడీ, కాగితంలో వాక్యం గుర్తొచ్చి, "బాబాయ్, మీకు అన్నదమ్ములు ఎవరైనా ఉన్నారా?" అని అడిగింది.

"లేరు" అన్నాడు ఇజాయి.

లియోంతిన్ చేతిలో గిన్నె ఒక్క క్షణం ఆగింది. కనుబొమలు మాత్రం కదల్లేదు.

మంగళవారం బ్రైడీ క్లాసునుంచి వస్తూ అయిదు పూల గుడ్డలు, అయిదు పొగాకు పొట్లాలు కొనుక్కుంది. మొదట పక్కింట్లో కోళ్ళు పెంచే జూలియెన్ ముసలమ్మ దగ్గరికి వెళ్ళి, తల దించుకుని, నేర్చుకున్నదంతా ఒప్పజెప్పింది. ముసలమ్మ గుడ్డ అందుకుని కళ్ళు తుడుచుకుంది. మంచంలో ఉన్న మొగుణ్ణి లేపింది. ఆయన చొక్కా తొడుక్కుని వచ్చి నిలబడి, వాళ్ళ తాత పడవ మునిగిన దగ్గర నుంచి మొదలుపెట్టి పాతిక నిమిషాలు బదులు చెప్పాడు. అర్థం కానిచోట బ్రైడీ అడిగింది, ఆయన మళ్ళీ చెప్పాడు, ముసలమ్మ నువ్వు చెప్పింది తప్పని ఆయన్ని దిద్దింది. సంతకం పడింది. వెళ్ళేటప్పుడు మూడు పెండలం దుంపలు, ఒక పుంజు చేతికిచ్చారు.

రెండో ఇల్లు టైర్లకి పంక్చర్లు వేసే ట్రాన్‌ది. వాళ్ళ తాత ఒకప్పుడు వియత్నాం నుంచి గనుల్లో పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ట్రాన్‌కి ఈ మర్యాదలు పుట్టుకతో రాలేదు గానీ, పుట్టి పెరిగింది ఈ పేటలోనే కాబట్టి ఊరుకుంటే పరువు పోతుందని తెలుసు. చేతులు తుడుచుకుని, తాత గురించి కొంత, టైర్ల గురించి చాలా చెప్పి, ఒక కొత్త సైకిల్ ట్యూబు ఇచ్చాడు. మూడో ఇంట్లో వాలిస్ దీవి ఆవిడ సెలెసితా తను అల్లిన చాప ఇచ్చింది. నాలుగో ఇంట్లో రోజే అనే రిటైరైన పోస్ట్‌మాన్, తెల్లాయన, తన వేటకుక్కల వంశవృక్షం మొత్తం చెప్పి, జింక తొడ ఒకటి కాగితంలో చుట్టి ఇచ్చాడు. ఇవన్నీ ఇంట్లో దింపి వచ్చేసరికి బ్రైడీ చెమటతో తడిసిపోయింది గానీ, జీవితంలో అంత ఫ్రెంచి ఒక్కరోజులో ఎప్పుడూ మాట్లాడలేదు.

అయిదో ఇంటి ఉత్తరాల పెట్టె మీద 'మతియాస్ వానాపో' అని ఉంది. బ్రైడీ ఒక నిమిషం ఆగింది. బాబాయ్‌కి అన్నదమ్ములు లేరు. పైగా లిఫూలో ఒకే ఇంటిపేరు కొన్ని వందల మందికి ఉంటుందని క్లాసులో చెప్పారు. తలుపు తట్టింది.

తలుపు తీసినది తల నెరిసిన పొడుగాటి మనిషి. చర్చిలో పెద్ద. ఆమె చెబుతుంటే కదలకుండా విన్నాడు. 'ఇజాయి ఇంటి తిండి తిని వచ్చాను' అన్నచోట అతని చెయ్యి తలుపు చట్రాన్ని పట్టుకుంది. మాటలు అయ్యాక గుడ్డ అందుకుని, బదులు చెప్పడానికి బదులు ప్రశ్నలు వేశాడు. ఇజాయికి మోకాలు నొప్పి తగ్గిందా? చేపల పులుసులో రొట్టె ముంచుకు తినే అలవాటు ఇంకా ఉందా? లియోంతిన్‌కి బింగోలో ఇంకా అదృష్టం బాగుందా? వీటన్నిటికీ బ్రైడీకి జవాబులు తెలుసు. ఏడు వారాలుగా ఆ ఇంట్లో చూస్తున్నవే గదా. అరగంట ఆగకుండా మాట్లాడింది. చివరికి కాగితం ఇస్తే, ఆయన సంతకం చెయ్యబోయి, గడి కింద ఉన్న వాక్యం దగ్గర ఆగాడు. లోపలికి వెళ్ళి కళ్ళజోడు తెచ్చుకున్నాడు. మళ్ళీ చదివాడు. సంతకం పెట్టాడు. తిరుగు కానుక ఏమీ ఇవ్వలేదు. లోపల పసిబిడ్డ నిద్రపోతున్నట్టు తలుపు మెల్లగా వేసుకున్నాడు.

మతియాస్ ఇజాయికి సొంత అన్న. ఒక్క తల్లి బిడ్డలు. రెండు వీధుల అవతలే ఉంటాడు. ఎనిమిదేళ్ళుగా మాటల్లేవు.

బుధవారం కొలిమిలో ఇజాయికి ఏదో తేడాగా అనిపించింది. బండి దిగీ దిగకముందే తోటి డ్రైవర్ టియెన్ వచ్చి చెయ్యి పట్టుకుని వదల్లేదు. మతియాస్ భార్య ముందురోజు సాయంత్రం బింగో హాల్లో పక్కావిడ చెవిలో ఒక్క ముక్క అంది. పక్కావిడ మొగుడు టియెన్. ఇజాయికి ఇవేమీ తెలియవు.

"నువ్వు చేసిన పని మామూలు పని కాదు అన్నా" అన్నాడు టియెన్.

పిల్లకి ఫ్రెంచి నేర్పిన సంగతి ఇంత దూరం పాకిందా అని ఇజాయి లోపల మురిసిపోయాడు. పైకి మాత్రం, "ఎవరో ఒకళ్ళు మొదలుపెట్టాలి గదరా" అన్నాడు.

"అందరివల్లా కాదు. నీ స్థానంలో నేనైతే చచ్చినా చెయ్యను."

"ఓపిక ఉండాలి. రోజూ కొంచెం కొంచెం దిగాలి" అన్నాడు ఇజాయి.

టియెన్‌కి కళ్ళు చెమర్చాయి. అన్న ముందు తల దించడానికి ఈ మనిషి రోజూ కొంచెం కొంచెం దిగుతూ వచ్చాడన్న మాట ఆ పూటే కొలిమి అంతా తిరిగింది. మధ్యాహ్నానికి ఫోర్‌మాన్ కూడా వచ్చి భుజం తట్టాడు. ముప్ఫై ఏళ్ళ నౌకరీలో ఆ ఫోర్‌మాన్ తట్టిన మొదటి భుజం అదే. ఇజాయి ఇంటికి పోతూ దారిలో అద్దంలో తన ముఖం రెండుసార్లు చూసుకున్నాడు.

ఇంటికొస్తే, ముందురోజు నిద్రమత్తులో గమనించనివి కనిపించాయి: పెరట్లో కొత్త పుంజు, వసారాలో కొత్త చాప, ఫ్రిజ్‌లో జింక తొడ. ఏంటివన్నీ అని అడిగాడు. పేటవాళ్ళు బ్రైడీకి ఇచ్చారని లియోంతిన్ ఒకే ఒక్క చూపుతో చెప్పింది. గురువుకి జనం ఇచ్చే గౌరవం అలాగే ఉంటుందని ఇజాయి సర్దుకున్నాడు. సైకిల్ ట్యూబు ఒక్కటే ఎందుకో అర్థం కాలేదు. ఇంట్లో సైకిల్ లేదు.

లియోంతిన్‌కి అంతా తెలుసు. ఆమె బింగో హాల్లో అదే వరుసలో కూర్చుంటుంది. కానీ ఎనిమిదేళ్ళుగా మొగుణ్ణీ బావగార్నీ చర్చిలో చెరో చివర కూర్చోబెట్టి మధ్యలో పాటలు పాడిన మనిషి ఆమె. నోరు విప్పితే ఇది చెడిపోతుందని విప్పలేదు. గురువారం పొద్దున్నే పెద్ద గుంట తవ్వించి, రాళ్ళు కాల్చి, గంపెడు పెండలం దుంపలూ పుంజూ జింక తొడా కొబ్బరిపాలు పోసి అరటాకుల్లో చుట్టి కప్పెట్టింది. ఇంత వంట ఎవరికని బ్రైడీ అడిగితే కనుబొమలు రెండుసార్లు ఎత్తింది.

మధ్యాహ్నం మూడింటికి ఇజాయి బనీను మీద గుర్రుపెట్టి నిద్రపోతున్నాడు. కంచె బయట మూడు పికప్ బండ్లు ఆగాయి. నలభైమంది దిగి, ఒక్కరూ మాట్లాడకుండా వరసగా నిలబడ్డారు. ముందు మతియాస్. అతని చేతుల మీద మడతపెట్టిన గుడ్డలు గడ్డం దాకా ఉన్నాయి. ఇజాయి కిటికీలోంచి చూసి మంచం మీంచి దిగాడు. ఇంతమంది ఇంత నిశ్శబ్దంగా రావడానికి అతనికి ఒక్కటే కారణం తోచింది.

"ఎవరు పోయారు?" అన్నాడు.

లియోంతిన్ నోరు విప్పింది. "మీ అన్న. పోయి ఎనిమిదేళ్ళయింది. ఇవాళ లేచి వచ్చాడు. చొక్కా వేసుకో."

ఆమె అన్ని మాటలు ఒక్కసారిగా అనడం బ్రైడీ ఎప్పుడూ వినలేదు. విని, అర్థం చేసుకుంది. తను తట్టిన అయిదో తలుపు ఎవరిదో అప్పుడు తెలిసింది. ఇజాయికి కూడా నిమిషంలో లెక్కలన్నీ కలిశాయి: టియెన్ కన్నీళ్ళు, ఫోర్‌మాన్ చెయ్యి. తను తప్పు ఒప్పుకుని అన్నకి గుడ్డ పంపాడని పేటంతా అనుకుంటోంది. చొక్కా గుండీలు తప్పు కన్నాల్లో పెట్టుకుంటూ, ఇప్పుడే బయటికి పోయి ఇదంతా ఆ పిల్ల తెలియక చేసిన పనని చెప్పేస్తానన్నాడు. నలభైమందిని వాకిట్లోంచి తిప్పి పంపిస్తావా అన్నట్టు లియోంతిన్ చూసింది.

వాళ్ళు తేల్చుకునే లోపల బ్రైడీ బయటికి వెళ్ళిపోయింది. ఈసారి వల్లె వేసిన మాటలేవీ పనికిరావు. చేతిలో ఆ కాగితం ఉంది. మతియాస్ నోరు తెరవకముందే మొదలుపెట్టింది.

"పెద్దయ్యా, ముందు నేను మాట్లాడాలి. నాకు సంతకం కావాల్సి వచ్చింది. అందుకే మీ ఇంటికి వచ్చాను. బాబాయ్ పంపలేదు. బాబాయ్‌కి తెలీదు. ఆ మాటలు ఆయన శనివారం కోసం నేర్పారు, నేను మంగళవారమే వాడేశాను. గుడ్డ వెనక్కి తీసుకోవచ్చో కూడదో నాకు తెలీదు. సంతకం మాత్రం వెనక్కి ఇచ్చేస్తున్నాను. మోసం చేసి తీసుకున్నది నాకొద్దు."

కాగితం రెండు చేతులా పట్టుకుని చాచింది. అది పోతే మిగిలేవి నాలుగు. గడువు మర్నాడు పన్నెండింటికి. తలుపు వెనక ఇజాయి గుండీలు వదిలేసి వింటున్నాడు. ఆ పిల్ల మాటల్లో ఒక్కటి కూడా తను నేర్పింది కాదు.

మతియాస్ కాగితం తీసుకోలేదు. "అమ్మాయ్, నువ్వు గడప ముందు నిలబడ్డప్పుడే నాకు తెలుసు. మా తమ్ముడు తప్పు ఒప్పుకుంటూ మనిషిని పంపుతాడా? వాడు కాలు జారి పడ్డా నేలదే తప్పంటాడు."

వెనక వరసలో ఎవరో నవ్వు ఆపుకోలేకపోయారు. మతియాస్ గొంతు తగ్గించాడు.

"కానీ నీ కాగితంలో ఒక వాక్యం ఉంది. ఈ ఇంటితో నాకు బంధుత్వం లేదని. కళ్ళజోడు పెట్టుకుని చదివాను. చదివి, నా చేత్తో సంతకం పెట్టాను. ఆ తర్వాత నాకు అన్నం దిగలేదు. మా అమ్మ ఇద్దరు కొడుకుల్ని కంటే, నేను ఒకణ్ణి కలంతో కొట్టేశాను. అందుకు వచ్చాను."

గుడ్డలు కింద పెట్టి తల దించాడు.

ఇజాయి బయటికి వచ్చాడు. ముందు తల దించింది అన్న. గుడ్డ పంపింది తను కాదని నలభైమంది ఎదుట తేలిపోయింది; అయినా అన్న వచ్చాడు. ఎనిమిదేళ్ళుగా చిట్టెం బండి తోలుతూ రోజూ కన్న కల ఇదే. గడ్డం కాస్త పైకి లేచింది కూడా. అంతలో, ఎదుటివాడు తల దించితే అంతకంటే కిందికి దించాలన్న సంగతి గుర్తొచ్చింది. దించాడు. అన్న ఇంకా దించాడు. తమ్ముడు ఇంకా. చివరికి లియోంతిన్ వచ్చి, నేల తాకేలోపల భోజనానికి లెమ్మంది.

అందరూ తింటుండగా బ్రైడీ ఒక మూల కూర్చుని లెక్క వేసుకుంది. నాలుగు సంతకాలు. అయిదో మనిషి కోసం చుట్టూ చూసింది. ఈవిడ ఇజాయి చెల్లెలు. ఆయన బావమరిది. వాళ్ళు అన్నగారి పిల్లలు. మొన్నటిదాకా ఆ పేటలో ఇజాయికి అన్నదమ్ములే లేరు; ఇవాళ బంధువు కానివాడు ఒక్కడు దొరకలేదు.

సంగతి తెలిసి మతియాస్ ఎముక పక్కన పెట్టి ఆలోచించాడు. చర్చిలో పెద్ద కాబట్టి అబద్ధం ఆడడు. "నేను సంతకం పెట్టింది మంగళవారం. మంగళవారం వీడు నాకు తమ్ముడు కాడు. ఆ రోజుకి అది నిజమే. రేపు వచ్చి మీ మేడమ్‌కి ఆ ముక్కే చెబుతాను" అన్నాడు. నేనూ వస్తానని ఇజాయి లేచాడు.

శుక్రవారం పదకొండు గంటలకి కుర్తాద్ మేడమ్ కాగితం చూసింది. నాలుగు సంతకాలు దాటి అయిదోదాని దగ్గర వేలు ఆపింది. "మతియాస్ వానాపో. నువ్వు ఉంటున్నది ఇజాయి వానాపో ఇంట్లో. వీళ్ళిద్దరూ ఏమవుతారు?"

"అన్నదమ్ములు" అంది బ్రైడీ. "నిన్నటి నుంచి."

అన్నదమ్ములన్నాక పుట్టినప్పటి నుంచీ అన్నదమ్ములే అని మేడమ్ అంది. బ్రైడీ వరండాలో ఉన్న సాక్షుల్ని పిలిచింది. మతియాస్ వచ్చాడు. ఇజాయి రాలేదు. తరగతి గది గుమ్మం దాటి నలభై రెండేళ్ళయింది. కాళ్ళు అలవాటు కొద్దీ వరండాలోనే నిలబడిపోయాయి. అన్న వెనక్కి వెళ్ళి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చాడు.

ఆ తగాదా ఏమిటో తేలితే గానీ సంగతి తేలదంది మేడమ్. ఇద్దరూ కలిసి చెప్పారు: ఎనిమిదేళ్ళ కిందట లిఫూలో మేనల్లుడి పెళ్ళి. ఇజాయి పడవలో పెండలం దుంపలు తీసుకెళ్ళాడు. అందులో ఒకటి ఏడేళ్ళ పిల్లాడంత పొడుగు. బంధువులు తెచ్చిన దుంపల కుప్ప ముందు నిలబడి ఎవరు ఏం తెచ్చారో చదివింది మతియాస్. ఇజాయి పేరు మూడోది చదివాడు, బావగారి పేరు తర్వాత. అంతే. అంతేనా అంది మేడమ్. పేరు మూడోదిగా చదివితే ఎనిమిదేళ్ళు మాట్లాడకుండా ఉంటారా?

అన్నదమ్ములిద్దరూ ఆమెకి ఎలా చెప్పాలో తెలియక బ్రైడీ వంక చూశారు. బ్రైడీ చెప్పింది. ఆ కుప్పలో దుంప తినడానికి కాదు, మనిషిని నిలబెట్టడానికి అని చెప్పింది. ఏడాదంతా వంగి పండించినవాడు ఆ ఒక్క క్షణం కోసం పండిస్తాడని చెప్పింది. మేడమ్ ఇంకా ఒప్పుకోని ముఖంతోనే ఉంటే, "మీ చెల్లెలి పెళ్ళి భోజనంలో మిమ్మల్ని తీసుకెళ్ళి వంటింటి తలుపు పక్క బల్ల దగ్గర కూర్చోబెడితే మీకెలా ఉంటుంది?" అని అడిగింది. మేడమ్ అయిదో సంతకం మీంచి వేలు తీసేసింది. లిమోజ్‌లో ఆమె చెల్లెలి పెళ్ళి ఎప్పుడో అయింది. ఆ బల్ల ఆమెకి ఇంకా గుర్తున్నట్టుంది.

అక్కడితో ఆగితే బాగుండేది. సాక్ష్యం చెప్పడానికి వచ్చాను గదా అని మతియాస్ మొత్తం నిజం చెప్పాలనుకున్నాడు. "ఇంకొకటి కూడా ఉందమ్మా. ఆ పొడుగు దుంప అడుగు మెత్తబడింది. మొదట పేరు చదివితే జనం ముందుకొచ్చి దాన్నే ముట్టుకుంటారు. వీడి పరువు పోతుందని మూడోది చదివాను."

ఇజాయి అన్న వైపు తిరిగాడు. "నా దుంప కుళ్ళిందా?"

"కుళ్ళిందనలేదు. మెత్తబడింది."

"నిన్న ఎందుకు చెప్పలేదు?"

"నిన్న భోజనం బాగుంది."

ఇజాయి తన దుంప ఎప్పుడు తవ్విందీ, ఎలా ఎండబెట్టిందీ, పడవలో దాన్ని ఎవరు తొక్కిందీ ఫ్రెంచిలో, పంతుళ్ళు కూడా వాడని పద్ధతిలో, ఆపకుండా చెప్పాడు. మతియాస్ తన ముక్కు మీద నమ్మకంతో ఎదురు చెప్పాడు. పక్క గదుల్లోంచి విద్యార్థులు వచ్చి కిటికీల దగ్గర నిలబడి నోటుపుస్తకాల్లో రాసుకున్నారు. మేడమ్ రెండుసార్లు ఏదో అనబోయింది, ఎవరికీ వినపడలేదు. బ్రైడీ లేచి బల్ల మీద అరచేత్తో కొట్టింది.

"ఇద్దరూ కూర్చోండి. పెద్దయ్యా, మీరు ముందు. బాబాయ్, ఆయన ముగించాక మీరు."

ఇద్దరూ కూర్చున్నారు. మధ్యవర్తిత్వం ఇరవై నిమిషాలు సాగింది. దుంప ఇంట్లో బాగానే ఉందనీ, పడవలో మెత్తబడిందనీ, తప్పు పడవదనీ బ్రైడీ రాజీ రాయించింది. మతియాస్ దానికి సరేనన్నాడు గానీ, మెత్తబడిన మాట వెనక్కి తీసుకోలేదు. ఇజాయి సరేననలేదు, కాదనలేదు.

పన్నెండుకి పది నిమిషాలుండగా మేడమ్ కాగితం మీద ముద్ర కొట్టింది. వీళ్ళు మంగళవారం అన్నదమ్ములు కారంటే తను పూర్తిగా నమ్ముతున్నానంది. ఈ పిల్ల ఇంత ఫ్రెంచి ఎక్కడ నేర్చిందో ఇప్పుడు అర్థమైందని చెప్పి, ఇజాయి వైపు తిరిగి, "మీ భాష చాలా బాగుంది. ఎక్కడ చదువుకున్నారు?" అని అడిగింది.

"వరండాలో" అన్నాడు ఇజాయి.

బ్రైడీ ఆ కాగితాన్ని తండ్రికి చూపించడానికి ఫోటో తీసుకుంది. ఆమె తీసుకున్నాక, కళ్ళజోడు లేకుండానే కనిపించేంత దూరంలో పట్టుకుని, ఇజాయి అడుగున పడ్డ ముద్ర దాకా నెమ్మదిగా చదివాడు. అతని మొహంలో ఉన్న వెలుగు, ఆ ముద్ర అతని పేరు మీదే పడిందా అన్నట్టుంది.

ముగ్గురూ ఒకే బండిలో ఇంటికొచ్చి, ఒకే బల్ల దగ్గర భోజనానికి కూర్చున్నారు; దుంప సంగతి తేలేదాకా అన్నదమ్ములు మళ్ళీ మాటలు మానేశారు కాబట్టి, ఒకరి దగ్గరున్న ఉప్పు ఒకరికి కావాల్సి వచ్చినప్పుడల్లా బ్రైడీయే ఫ్రెంచిలో అడిగి ఇప్పించింది.